కలశం ముందు రిబ్బను ఆవిడ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. నేను పాత రాగి నాణేలను వాసన చూస్తాను. గదిలో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరగా వేసి, నాణేన్ని అంచులతో పట్టుకుని ముక్కు దాకా తెచ్చుకుంటాను. ముక్కుకి తగలనివ్వను. బస్సులో ఊచ పట్టుకుని దిగాక అరచేతికి ఒక వాసన అంటుకుని ఉంటుంది కదా, అలాంటిదే గానీ అంత పచ్చిగా ఉండదు. పాత పుస్తకంలో ఎవరో మరిచిపోయిన తాళంచెవి వాసన. అది పీల్చాక ఆ రోజు ఆఫీసులో ఎవరు ఏమన్నా నాకు పట్టదు.

నా దగ్గర ఉన్నవి అమెరికా దేశం కొత్తగా ఏర్పడినప్పుడు వేసిన రాగి సెంట్లు. ఇప్పటి సెంటు చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది, అంతే. అప్పటిది కువైట్ వంద ఫిల్సు బిళ్ళ కంటే పెద్దది. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. కోనసీమలో డిగ్రీ పూర్తిచేసి, కువైట్‌లో ఫింటాస్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వచ్చి, అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూము ఆఫీసులో ఫైళ్ళు సర్దుకునే నాకు ఇవి ఎక్కడివని ఎవరూ అడగలేదు. నేను అక్కడ ఎవరికీ చూపించలేదు కనుక. నాకు మాట్లాడటం కష్టం. ఆఫీసులో ఫోను మోగితే ముందు మంచినీళ్ళు తాగుతాను. తాగేలోపల అది ఆగిపోతే ఆ రోజుకి అదృష్టవంతురాలిని.

ఇదంతా మొదలైంది నాణెంతో కాదు, పుస్తకంతో. అల్ రాయ్‌లో శుక్రవారం సంతకి నాన్నతో వెళ్ళేదాన్ని. దేశం వదిలి వెళ్ళిపోయే కుటుంబాలు ఇంట్లో ఉన్నదంతా ఒక్కసారే అమ్మేస్తాయి. దీపాలు, మంచాలు, పిల్లల సైకిళ్ళు, వాటి పక్కన నేలమీద పుస్తకాలు. నాన్న పానాలూ పట్టకార్లూ ఏరుకుంటుంటే నేను పుస్తకాల దగ్గర కూలబడేదాన్ని. అక్కడ దొరికింది, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. మొత్తం ఈ రాగి సెంట్ల గురించే. ప్రతి పేజీలో ఒక ఆడమనిషి ముఖం ఉంది. ఏ కథల పుస్తకమో అనుకుని తెచ్చుకున్నాను. చివరికి కథల పుస్తకంలాగే చదివాను.

ఆ రోజుల్లో నాణెం అచ్చుని మనిషి చేత్తో చెక్కేవాడట. అక్షరాలు ఒక్కొక్కటే సుత్తితో కొట్టి దించేవాడు. ఆ ఉక్కు అచ్చు పగిలిపోతే ఇంకొకటి చెక్కాలి. చేత్తో చేసింది కాబట్టి రెండోది మొదటిదానిలా ఉండదు. ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ, కానీ ఒకదానిలో ఆకు కొస అక్షరాన్ని తాకుతుంది, ఇంకొకదానిలో తాకీ తాకకుండా ఆగిపోతుంది. వీటిని సేకరించేవాళ్ళు భూతద్దం పట్టుకుని చూసేది ఆ తేడాలనే. బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒక ఆడమనిషిదే, పైన లిబర్టీ అని రాసి ఉంటుంది. మొదటి ఏడాది ఆమె జుట్టు గాలికి ఎగిరిపోతున్నట్టు చెక్కితే, దేన్నో చూసి జడుసుకున్నట్టుందని జనం వెక్కిరించారట. తరవాత ఆమె వేషం మారుస్తూ వచ్చారు. ముఖం చూసి నవ్వుతారేమోనని బతికే నాకు ఆమె వెంటనే నచ్చింది. నా వాడుకకి నేనే పేర్లు పెట్టుకున్నాను: జుట్టు విరబోసుకున్న ఆవిడ, టోపీ ఆవిడ, రిబ్బను ఆవిడ. అన్నిటిలోకి నాకు ఇష్టం రిబ్బను ఆవిడ. జుట్టు వెనక్కి తీసి రిబ్బను కట్టుకుని, భుజం మీద బట్ట కప్పుకుని, పనులన్నీ అయ్యాక కాస్త కూర్చున్న మనిషిలా ఉంటుంది.

ఆ తరవాత సంతలో నా చూపు డబ్బాల అడుగుకి పోవడం మొదలైంది. బొత్తాలూ పిన్నీసులూ కలిసిన డబ్బాల్లో ఎప్పుడైనా ఒక నల్లటి బిళ్ళ దొరికేది. ముఖం అరిగిపోయి ముక్కూ చెవీ లేనివే ఎక్కువ. అయినా తెచ్చుకునేదాన్ని.

చాచా గురించి ఇప్పుడు చెప్పాలి. మా షోరూము వెనక సందులో, రేడియేటర్లు బాగుచేసే షెడ్డుకీ టైర్ల గోదాముకీ మధ్య ఒక చిన్న దుకాణం ఉంది. రబ్బరు స్టాంపులు, ఇత్తడి నేమ్‌ప్లేట్లు, ఆటల పోటీలకి కప్పులు, వాటి మీద పేర్లు చెక్కడం, ఇదీ అక్కడ పని. చెక్కే ఆయన రాయచోటి నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. సందులో అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఆఫీసు స్టాంపు కొత్తది చేయించుకు రమ్మని నన్ను పంపినప్పుడు, ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఒక నల్ల బిళ్ళని చూస్తున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అంత దూరం నుంచి కూడా ఆ జుట్టూ ఆ రిబ్బనూ తెలిశాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"రిబ్బను ఆవిడ," అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే అడిగారు. "ఎవురమ్మా ఆమె? మీ ఆఫీసులోనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆయన ఆ బిళ్ళని నా వైపు తిప్పి చూపించారు. నేను చూశాను. ఆ తరవాత ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. ఆఫీసుకి తిరిగి వెళ్ళాక గానీ స్టాంపు సంగతి చెప్పనేలేదని గుర్తు రాలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ అల్ రాయ్ అంతా షట్టర్లు దించుకుని నిద్రపోతుంటే, నేను డబ్బా పట్టుకుని చాచా దుకాణానికి వెళ్ళేదాన్ని. గిరాకీలు కూర్చోవడానికి ఒక ఎత్తు స్టూలు ఉండేది. దాని మీద నేను, బల్ల అవతల ఆయన. నా డబ్బాలో గోంగూర ఆయనకి, ఆయన రొట్టె నాకు. చదివింది నేను చెప్పేదాన్ని, చేతిపని సంగతులు ఆయన చెప్పేవారు. ఆయన చెప్పిందల్లా నిజం కాదు. టోపీ ఆవిడ టోపీని చాలాకాలం తలపాగా అని వాదించారు, బొమ్మ చూపించినా ఒప్పుకోలేదు. కువైట్ మొత్తంలో గొంతు సవరించుకోకుండా నేను మాట్లాడగలిగే చోటు ఆ స్టూలు ఒక్కటే. అది పోతే నా మధ్యాహ్నాలు మళ్ళీ ఆఫీసు మెట్ల మీద, గోడకేసి తిరిగి తినే మధ్యాహ్నాలు అవుతాయి. ఈ సంగతి డైరీలో చాలా చోట్ల రాసుకున్నాను.

చాచా నాణెం ఆయన కొన్నది కాదు. ఎప్పుడో ఒక అమెరికా ఆయన స్కూలు పోటీలకి కప్పులు చేయించుకునేవాడట. ఆయన దేశం వదిలి వెళ్ళేటప్పుడు, నీలాగే అక్షరాలు కొట్టినవాడి పని ఇది, నీ దగ్గరే ఉండాలి అని చేతిలో పెట్టి వెళ్ళాడట. పద్దెనిమిదివందల ఒకటో సంవత్సరం సెంటు. దాని రంగు కాఫీ గింజ రంగు, పొయ్యి మీద కాస్త ఎక్కువ వేగిన గింజ. ఆ నాణెంలో ఒక తమాషా ఉంది. సెంటు అంటే డాలరులో నూరో వంతు కాబట్టి వెనకవైపు కింద, ఒకటి వేసి గీత గీసి దాని కింద వంద అని వేయాలి. చెక్కినవాడు ఆ వందలోని ఒకటికి బదులు కూడా సున్నా కొట్టేశాడు. గీత కింద మూడు సున్నాలు. అలాగే అచ్చు వేశారు, అలాగే జనం వాడుకున్నారు.

చాచాకి ఆ తప్పంటే ప్రాణం. "వీడు నా మాదిరే పాపా. అన్నం తిన్యాక పనిలో కూచున్యాడు," అనేవారు. ఆయన కూడా ఒకసారి ఒక పెద్ద ఇంటి గేటుకి నంబరు పలక తలకిందులుగా చెక్కి ఇచ్చారట. వాళ్ళు అలాగే బిగించుకున్నారు, ఇప్పటికీ ఉందట.

ఈ మూడు సున్నాల సెంట్లలో కూడా రకాలున్నాయని నా పుస్తకంలో ఉంది. ఆయనది ఏ రకమో బొమ్మల పక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు. పుస్తకం ఏమో మోసుకు రాలేనంత బరువు. ఒక బుధవారం చాచా చేతులు తుడుచుకుని, ఆ నాణేన్ని మెత్తటి గుడ్డలో చుట్టి నా ముందు పెట్టారు.

"తీసకపో. సూసి చెప్పు. ఇది దుకాణం దాటి పోవడం ఇదే మొదలు," అన్నారు. ఆ చివరి మాట మామూలుగానే అన్నారు. నేను మాత్రం ఇంటికి వెళ్ళే దారంతా సంచీని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదే ఉంచి కూర్చున్నాను.

ఇంట్లో అమ్మకి చెప్పక తప్పలేదు, ఎందుకంటే మా ఇంట్లో అమ్మ సర్దని సొరుగు లేదు. నా పాత బిళ్ళలని చూసి ఊరుకునేది గానీ, ఇది వేరొకరిది. అందుకని గట్టిగా చెప్పాను. చేతులు శుభ్రంగా కడుక్కోకుండా ముట్టుకోవద్దు. ముట్టుకున్నా అంచులే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పడకూడదు. మెత్తటి గుడ్డ మీదే పెట్టాలి. దగ్గరగా మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చ వస్తుంది. అమ్మ చాలా శ్రద్ధగా విన్నది. ఇంత భక్తిగా నేను ఏ విషయమూ చెప్పడం తను ఎప్పుడూ వినలేదని తరవాత అన్నది. సెలవు రోజున తీరిగ్గా పుస్తకం పక్కన పెట్టి చూద్దామని నాణేన్ని సొరుగులో దాచాను.

అమ్మ ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీల ఇంట్లో వంట చేస్తుంది. వంట కంటే అక్కడ తనకి పేరు తెచ్చింది తోముడు. వాళ్ళ హాల్లో కాఫీ పోసే ఇత్తడి కూజాలు, దల్లాలంటారు, వరసగా ఉంటాయి. సీసాల్లో అమ్మే మందులతో రుద్దినా మసక పోని దల్లాలని అమ్మ ఒక రోజు చింతపండూ ఉప్పూ వేసి తోమితే, ఆ ఇంటి యజమానురాలు, అమ్మ మామా అని పిలిచే ఆవిడ, పట్టలేనంత సంబరపడి తన అక్కచెల్లెళ్ళ ఇళ్ళ నుంచి కూడా దల్లాలు తెప్పించింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో చింతపండుకి ఒక ప్రత్యేకమైన జాడీ ఉంది. అమ్మ దృష్టిలో నల్లగా ఉన్న రాగి, ఇత్తడి అంటే స్నానం చేయని పిల్లలు.

ఆ వారమే వరలక్ష్మీ వ్రతం. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి శ్రావణ శుక్రవారాలకి మా ఇంటి పూజ ఊళ్ళో కంటే ఘనంగా జరుగుతుంది. పొద్దున్నే నాన్నా నేనూ తమలపాకులకీ పూలకీ బయల్దేరాం. ఎండకి అప్పటికే కారు సీటు కాలుతోంది. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"కాళ్ళు కడుక్కుని రావే. నీకో చిత్రం చూపిస్తాను."

కలశం, దాని మీద కొబ్బరికాయ, దానికి కొత్త రవిక గుడ్డ. కలశం ముందు పళ్ళెంలో బియ్యం, బియ్యం మీద తమలపాకు. తమలపాకు మీద రిబ్బను ఆవిడ. అప్పుడే పుట్టిన పిల్లలా గులాబీ రంగులో, తళతళ మెరుస్తూ, చెంపలకి పసుపుతో, నుదుట కుంకుమతో.

పూల పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేను మామూలుగా కూడా మాట్లాడను కాబట్టి అమ్మ ఏమీ అనుమానించలేదు.

"కలశంలో రాగి డబ్బు వెయ్యాలి కదా, మనది ఊళ్ళోనే ఉండిపోయింది. ఏం చెయ్యాలా అనుకుంటుంటే ఈ తల్లి గుర్తొచ్చింది. నీళ్ళలో పడెయ్యడానికి మనసొప్పలేదే, ఎదురుగా కూర్చోబెట్టాను. ఇన్నాళ్ళూ మసిలో ఉంచేశారు పాపం."

తోమావా అని అడిగాను. అడిగానో, అనుకున్నానో.

"తోమకుండా పూజలో పెడతారా ఎవరైనా? నువ్వు చెప్పినట్టే చేశానే. తలస్నానం చేసి మడిగుడ్డ కట్టుకునే ముట్టుకున్నాను. అంచులే పట్టుకున్నాను. మెత్తటి గుడ్డ మీదే పెట్టాను. తోముతున్నంతసేపూ నోరు విప్పలేదు, మీ నాన్న ఫోను చేసినా తియ్యలేదు."

నిజమే. నేను చెప్పినదాంట్లో అమ్మ ఒక్కటీ తప్పలేదు. చేతులు కడుక్కో, అంచులు పట్టుకో, ఊపిరి తగలనివ్వకు అని చెబితే మా ఇంట్లో దాని అర్థం ఒక్కటే, అది పూజకి పనికొచ్చే వస్తువు. పూజకి పనికొచ్చే వస్తువుని ముందు చింతపండుతో తోముతారు. రాగి సెంటుని కడగకూడదని, ఆ నలుపే దాని ఒంటి చర్మమని, రెండు వందల ఏళ్ళ చేతుల చెమటతో గాలితో ఏర్పడిందని, పోతే తిరిగి రాదని చెప్పాలని నాకు తట్టనేలేదు. సెంట్లు సేకరించేవాళ్ళలో దాన్ని కడిగే మనిషి ఉండరు. మా ఇంట్లో కడగని మనిషి ఉండరు.

అమ్మ నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "అన్నట్టు ఎవరే ఈవిడ? లక్ష్మీదేవా, సరస్వతా? వెనకవైపు తోరణం కూడా కట్టారు."

"స్వేచ్ఛ," అన్నాను. "పైన రాసి ఉంది. స్వేచ్ఛ అని."

అమ్మ ఒక క్షణం ఆలోచించింది. "ఆవిడా అమ్మవారే లే. మన ఇంట్లో ఎప్పుడూ పూజ చేయించుకోలేదు గానీ," అని ఇంకో పువ్వు పెట్టింది.

సాయంత్రం తాంబూలానికి వచ్చిన ఆడవాళ్ళందరూ ఆమెకి దండం పెట్టారు. ఈ అమ్మవారు అమెరికా నుంచి వచ్చిందని అమ్మ గర్వంగా చెబుతుంటే, కింది ఫ్లాటు ఆవిడ పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన తమ్ముడి వీసా సంగతి కాస్త చూడమని నిజంగానే మొక్కుకుంది. ఆమెకి ముక్కు ఎంత బాగుందో అని ఇంకొకావిడ. ఆ ముక్కు బాగున్న మాట నిజం. నాకు ఏడుపు వస్తుందనుకుంటే మధ్యలో నవ్వు వచ్చింది. శనగల గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. తరవాత చాచా గుర్తొచ్చి ఆగిపోయింది.

అందరూ వెళ్ళాక నాణేన్ని తీసి వాసన చూశాను. చారు వాసన వచ్చింది.

అమ్మకి చెబుదామని ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ కాళ్ళు చాపుకుని, ఈ ఏడు పూజ ఎంత నిండుగా జరిగిందో నాన్నకి చెబుతోంది. చెప్పలేకపోయాను. చెప్పడం నాకు చేతకాక కాదు, ఆ ఒక్కసారికి. ఆమె ముఖం అలా ఉండగా చెప్పాలనిపించలేదు. చెప్పాల్సింది చాచాకి. శనివారం మా ఆఫీసు ఒంటిపూట. పని అయ్యాక ఒక్కదాన్నే వెళ్ళి, నాణెం ముందు పెట్టి, ఒక్క మాట చెప్పి, స్టూలు ఎక్కకుండా వచ్చేద్దామనుకున్నాను. ఆ ఒక్క మాట ఏమిటో రాత్రి చాలా రకాలుగా కూర్చుకున్నాను.

కానీ అమ్మ ఊరుకోలేదు. ఎవరి సొమ్ము పూజలో పెట్టామో వాళ్ళకి ప్రసాదం ఇవ్వకపోతే పూజాఫలం దక్కదని, తనే వచ్చి ఇస్తానని పట్టుబట్టింది. శనివారం మధ్యాహ్నం నాన్న కారులో బూరెలూ పులిహోరా పట్టుకుని షోరూము ముందు దిగింది. నాన్న నీడలో కారు ఆపుకుని అందులోనే ఉండిపోయాడు. అమ్మ ముందు, వెనక నేను, సందులోకి వెళ్ళాం.

చాచా అమ్మని చూడగానే లేచి స్టూలు తుడిచి వేశారు. నా స్టూలు మీద అమ్మ కూర్చుంది. నేను గోడకి ఆనుకున్నాను.

"కూచోమ్మా. ఈ ఎండలో యాల వచ్చినారు? పాపతో పంపితే పోలా?"

"మీకు నా చేతులతో ఇవ్వాలని, బాబాయిగారూ. మీ అమ్మవారి మూలంగానే మా పూజ అంత బాగా జరిగింది," అంటూ అమ్మ గుడ్డ విప్పి నాణేన్ని బల్ల మీద పెట్టింది. అంచులు పట్టుకునే పెట్టింది.

చాచా ముఖంలో ఏమీ కదలలేదు. కళ్ళు మాత్రం ఒకసారి నా వైపు వచ్చి వెళ్ళాయి. భూతద్దం కంటికి పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని, చాలాసేపు వంగి చూశారు. బయట ఎవరో టైరు దొర్లించుకుంటూ పోతున్న చప్పుడు మొత్తం విన్నాను.

"ఏంటితో తోమినారు తల్లీ?"

"చింతపండూ ఉప్పూ అండీ. ఇంకేం వెయ్యలేదు. మొండి నలుపు బాబాయిగారూ, ఎన్నేళ్ళ నించి ఎవరూ పట్టించుకోలేదో."

"రెండు నూర్ల యేండ్లమ్మా," అన్నారు చాచా మెల్లగా.

"అయ్యో, అంత కాలమా? మరీ అన్యాయం కదండీ," అంది అమ్మ.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చాచా బూరె కొరుకుతున్నారు. నమిలి, మింగి, తల ఊపి, అమ్మ చేయి మంచి చేయి అని, ఇంత శుభ్రంగా తను కూడా తోమలేనని అన్నారు. వాళ్ళ అమ్మ కూడా అంతేనట, పండగొస్తే రాయచోటి ఇంట్లో రాగి చెంబులన్నీ వాకిట్లో ఎండకి మెరుస్తూ ఉండేవట, కళ్ళు చిట్లించుకుని నడవాల్సి వచ్చేదట. అమ్మకి మాటలు దొరికాయి. దల్లాల సంగతంతా చెప్పింది, మామా జాడీతో సహా. చెబుతూ చెబుతూ అద్దాల బీరువాలో ఉన్న ఇత్తడి కప్పుల వైపు చూసింది.

"అవి కూడా కాస్త మసకబారినట్టున్నాయి. ఓ రోజు వీలు చూసుకుని వచ్చానంటే..."

"అవన్నీ అమ్మేసినానమ్మా," అన్నారు చాచా వెంటనే. "ఈ పొద్దే తీసకపోతారు. ఖలాస్."

నాన్న హారన్ మోగించాడు. అమ్మ ఖాళీ గిన్నెలు సర్దుకుని, మళ్ళీ వస్తానని చెప్పి, నన్ను త్వరగా రమ్మని ముందు నడిచింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ ఉన్నాం.

రాత్రి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "పోయింది కదా చాచా," అన్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. "పోయింది పాపా. రంగు పోయింది. నీ పుస్తకం రాసినోడు సూస్తే కండ్లనీళ్ళు పెట్టుకుంటాడు." నాణేన్ని చేతిలోకి తీసుకుని, "నాకు గూడా అట్లనే ఉండాది," అన్నారు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నారు. దుకాణం తెరిచిన ప్రతి పొద్దునా ముందు దాన్ని చూసుకునే మనిషి.

అమ్మకి ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. నేను చెప్పాను. నేను ఇచ్చిన జాగ్రత్తలు, మడిగుడ్డ, తియ్యని ఫోను, స్వేచ్ఛకి పెట్టిన పువ్వు, కింది ఫ్లాటు ఆవిడ తమ్ముడి వీసా, అన్నీ. మధ్యలో ఎక్కడో ఆయన భుజాలు కదలడం మొదలైంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. వీసా దగ్గరికి వచ్చేసరికి భూతద్దం జారి ఒళ్ళో పడింది. కళ్ళు తుడుచుకుని, దాన్ని మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ నాణెం మీదికి వంగారు. ఈసారి చూపు మారింది. పనివాడి చూపు.

ఇటు రా అని పిలిచి భూతద్దం నా కంటికి ఇచ్చారు. గీత కింద మూడు సున్నాల్లో మొదటి దాని అంచు వెంట, సన్నగా, ఇంకో అంచు ఉంది. ఇన్నాళ్ళూ నలుపు కింద కనపడలేదు. సున్నాని ఒక దెబ్బ కొట్టి, లోతు చాలక, కాస్త జరిగిన చోట ఇంకో దెబ్బ కొట్టాడని చాచా వివరించారు. అంటే నిద్రమత్తులో ఏమరుపాటుగా కొట్టింది కాదు. శ్రద్ధగా, రెండుసార్లు, తప్పు కొట్టాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో సంతోషం దాగలేదు. అందుకని జరిగింది మంచిదే అని నేను అనను, ఆయన కూడా అనలేదు. ఆ రంగు ఇక లేదు.

స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోలేదు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, నా జన్మలో మొదటిసారి, మంచినీళ్ళు తాగకుండా, ఒక ప్రశ్న అడిగాను. రేపు రావచ్చా చాచా, అని.

ఆయన నాణేన్ని గుడ్డలో చుట్టారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"రాకపోతే దీని రంగు నాకెట్ల తెలిసేది? నీ కాడనే పెట్టుకో. నల్లబడతాంటే అప్పుడప్పుడు తెచ్చి సూపియ్యి. మీయమ్మకు మాత్రం సూపియ్యాకు పాపా."